కంది ఈగల కాపలా

ఆళ్లగడ్డ నుంచి కడప వైపు పోయే రోడ్డు మీద, శిల్పాలు చెక్కే కొట్టాలు అయిపోయే చోట, ఒక చామంతి తోట ఉండేది. దానికి గోడ లేదు, ముళ్లకంప లేదు. రోడ్డు మీద నుంచి కాలు కిందికి దించితే చామంతి సాలులోనే పడేది. ఎదురుగా బస్సుల కోసం జనం నిలబడే వేపచెట్టు. అన్ని పూల పక్కన అంతమంది జనం ఉండే చోట తోటకు కంచె ఎందుకు లేదని డెబ్బైల మొదట్లో ఎవరైనా అడిగితే, పక్క కొట్టంలో రాయి చెక్కే ఓబులేసు సుత్తి ఆపకుండానే జవాబు చెప్పేవాడు.

"నరసింహమ్మ నోరుండంగ కంచె దండగప్పా."

నరసింహమ్మ ఆ తోట యజమాని మద్దిలేటి భార్య. ఆమె గొంతు గురించి చెప్పుకునేవన్నీ నమ్మనక్కరలేదు. ఆమె ఒకసారి తోటలో పడిన మేకను తిడుతుంటే, చాగలమర్రి నుంచి వస్తున్న బస్సు డ్రైవరు తననే తిడుతోందనుకుని బస్సు ఆపి, కిందికి దిగి, చేతులు జోడించి, తప్పయిందని చెప్పి పోయాడంటారు. నేను మాత్రం బస్సు ఆగడం వరకే చూశాను.

మద్దిలేటి ఆమెకు పూర్తిగా విరుద్ధం. ఆ రోజుల్లో ఆ చుట్టుపక్కల మగవాడన్నాక నలుగురు భయపడాలి. భయపెట్టడానికి పొలం, మనుషులు లేనివాడు కనీసం మీసమైనా పెంచేవాడు. మద్దిలేటికీ మీసం ఉండేది గానీ, అది ఆయన ముఖం మీద అరువు తెచ్చుకున్నట్టుగా, ఎప్పుడైనా తిరిగి ఇచ్చేయాల్సినట్టుగా ఉండేది. ఎద్దును అదిలించాల్సి వస్తే దాని చెవి దగ్గరకు పోయి చెప్పేవాడు. "లేదు" అనే మాట ఆయన నోట విన్నవాళ్లు లేరు. బీడీ అడిగితే, తాను బీడీ కాల్చడు కాబట్టి, పోయి కొనుక్కొచ్చి ఇచ్చేవాడు.

కానీ తోటపని తెలిసిన మనిషి. చామంతి సాళ్ల మధ్య కొత్తిమీర చల్లేవాడు. కోసి అమ్మగా మిగిలినదాన్ని పీకెయ్యకుండా పూతకు వదిలేసేవాడు. గట్టు వెంబడి కంది వేసేవాడు. వాళ్ల నాయన అట్లాగే చేసేవాడట. కంది పసుపు పూత పట్టి, కొత్తిమీర తెల్లపూత పట్టే రోజుల్లో ఆ తోట మీద ఒక రకం ఈగలు లేచేవి. ఒంటి మీద పసుపు, నలుపు పట్టీలు. చూడగానే కందిరీగ అనిపిస్తుంది. గాలిలో ఒకే చోట, దారం కట్టి వేలాడదీసినట్టు నిలబడి, ఉన్నట్టుండి పక్కకు జరిగి మళ్లీ అట్లాగే నిలబడుతుంది. దానికి కొండి లేదు, కుట్టదు, కరవదు. చెమట పట్టిన చెయ్యి మీద వాలి ఆ ఉప్పు నాకి పోతుంది, అంతే. కంది పూత మీద మొదట కనిపిస్తుంది కాబట్టి మద్దిలేటి నాయన దాన్ని "కంది ఈగ" అనేవాడు. ఆ మాట ఆ ఇంట్లో తప్ప ఇంకెక్కడా లేదు.

"ఈ ఈగ ఉన్నన్నాళ్లు చామంతికి పేనుబంక పట్టదు నాయనా, కొత్తిమీర పూత పీకొద్దు," అని ఆయన కొడుక్కి చెప్పిపోయాడు. పేనుబంకను తినేది ఆకుల కింద పాకే చిన్న ఆకుపచ్చ పురుగు అనీ, ఆ పురుగు పెరిగి ఈ ఈగ అవుతుందనీ తండ్రికీ తెలియదు, కొడుకుకూ తెలియదు. ఈగ ఉంటే తోట ఉంటుంది, అంతవరకే తెలుసు. ఆ తెలివి చాలింది.

నరసింహమ్మ నోటికి లొంగని మనిషి బస్సుల చెట్టు దగ్గర ఒక్కడే ఉండేవాడు. పేరు రంగయ్య. అక్కడే ఆయనకు ఎరువులు, పురుగు మందుల అంగడి ఉండేది. పొద్దున్నే స్నానం చేసి, తడి పంచెతో తోటలోకి దిగి, దేవుడి పటాలకు కావలసినన్ని పూలు తెంపుకునేవాడు. నరసింహమ్మ అరిస్తే, "దేవునికి కోస్తే దొంగతనం కాదు మేయ్. నీకూ వస్తాది పుణ్యం, సగం," అనేవాడు.

"నాకు పుణ్యమొద్దు, పూలు పెట్టి పో!" అని ఆమె అరిచేది.

"తెంపినాక యాడ పెట్టేది?" అని ఆయన నవ్వుకుంటూ పోయేవాడు.

అయినా ఆమెకు భయపడి పిడికెడుతో ఆపేవాడు. ఆమె గనక లేకపోతే బుట్ట తెచ్చేవాడని అందరికీ తెలుసు.

ఆమె లేకుండా పోయే రోజు వచ్చింది. సంజామల దగ్గర ఒక ఊరికి ఇచ్చిన కూతురు ఉమామహేశ్వరమ్మ నీళ్లాడాల్సి ఉండగా, బండి ప్రయాణం పనికిరాదని మంత్రసాని చెప్పింది. కాబట్టి తల్లే అక్కడికి పోయింది. కాన్పు అయ్యాక కూతురికి జబ్బు చేసింది. జబ్బు తగ్గేటప్పటికి వియ్యంకురాలు మంచం పట్టింది. ఆ మంచం దిగేటప్పటికి కూతురు మళ్లీ నెల తప్పింది. నరసింహమ్మ గొంతు సంజామల వైపే ఉండిపోయింది. ఆ ఊళ్లో కోళ్లు ఆ మూడేళ్లూ గుడ్లు పెట్టలేదని ఆ వైపు వాళ్లు చెప్పారు.

ఇక్కడ తోట దివాలా తీసింది. బస్సు దిగిన ఆడవాళ్లు "ఒక్క పువ్వు గదన్నా" అని తలకొకటి తెంపేవాళ్లు. బస్సెక్కే మగవాళ్లు పెళ్లాలకని తెంపేవాళ్లు. అహోబిలం పోయేవాళ్లు స్వామికని తెంపేవాళ్లు. రంగయ్య అనుకున్నట్టే బుట్ట తెచ్చాడు. తన పటాలకే కాక అంగడి గుమ్మానికి, బండి చక్రాలకు, మందుల డబ్బాలకు కూడా దండలు వేయడం మొదలుపెట్టాడు. మద్దిలేటి సాలు చివర నిలబడి దగ్గేవాడు. ఆయనకు చేతనైన కోపం అంతే. జనం ఆ దగ్గు విని, "కరక్కాయ బుగ్గన పెట్టుకో మద్దిలేటీ, తగ్గుతాది," అని సలహా చెప్పి, పూలు తెంపుకుని పోయేవాళ్లు.

ఒక పూట కంది పూత మీద ఉంది. రంగయ్య బుట్ట నింపుకుంటున్నాడు. నీళ్లు కడుతున్న మద్దిలేటి ఆయన వెనకే నిలబడ్డాడు. ఒక ఈగ వచ్చి రంగయ్య మోచేతి మీద వాలి, తన పని తాను చూసుకుంటోంది.

"యోవ్, ఏందిది మద్దిలేటీ, పచ్చపచ్చగా ఉండాది?"

"కంది ఈగప్పా," అన్నాడు మద్దిలేటి. ఎప్పటిలాగే గొంతులోనే అన్నాడు.

కంది ఈగ అనే మాటను నోట్లో నములుతూ అంటే ఏమని వినపడుతుందో మీరే అని చూసుకోండి. రంగయ్యకు కందిరీగ అనే వినపడింది. బుట్ట ఒక పక్క, పైపంచె ఒక పక్క పడ్డాయి. మనిషి రోడ్డు దాటి తన అంగట్లోకి దూకి తలుపు వేసుకున్నాడు. చేయి దులిపేటప్పుడు గోరు గీరుకుంది. ఆ గీత దగ్గర ఎర్రగా అయింది. దానికి సున్నం రాసుకుని, వచ్చినవాళ్లందరికీ చూపించాడు.

"కుట్టింది. కందిరీగ. మద్దిలేటి తోటంతా అవే. ముందే చెప్పొచ్చు గదా మనిషి?"

మద్దిలేటి బుట్ట, పైపంచె తీసుకుని అంగడికి పోయాడు. అది కందిరీగ కాదని చెప్పడానికే పోయాడు. అంగట్లో నలుగురు రైతులు ఉన్నారు. రంగయ్య చేయి ఎత్తి పట్టుకుని ఉన్నాడు. ఆ నలుగురి ముందు "నువ్వు ఈగకు భయపడి పరుగెత్తినావు" అని ఒక పెద్దమనిషితో అనాలంటే ఎంతో ధైర్యం కావాలి. మద్దిలేటి బుట్ట గుమ్మం దగ్గర పెట్టి, ఒకసారి దగ్గి, వచ్చేశాడు.

"చెప్పినావా?" అని అడిగాడు ఓబులేసు.

"రేపు చెప్తాలే అన్నా."

"రేపు గూడా చెప్పొద్దు. గమ్మునుండు. నీ కంటికి కనపడలేదేమో గానీ, పొద్దున్నుంచి నీ తోటలో ఒక్క పురుగు అడుగు పెట్టలేదు, రెక్కలుండేవి తప్ప."

ఆ మాట నిజమే. జనం వేపచెట్టు కిందే నిలబడి, గాలిలో నిలిచిన ఆ పసుపు పట్టీల ఈగలను దూరం నుంచి చూస్తున్నారు. మద్దిలేటి జీవితంలో మొదటిసారి తన తోటలో పూసిన పువ్వులన్నీ తానే కోసుకున్నాడు. ఆయన అబద్ధం చెప్పలేదు. చెప్పని అబద్ధాన్ని దిద్దలేదు, అంతే.

ఆ తర్వాత ఆ ఈగలు మద్దిలేటి ప్రమేయం లేకుండానే పెద్దవైపోయాయి. ఒకాయన తన బర్రెను అవి తరిమాయని చెప్పాడు. ఇంకొకాయన కందిరీగ కుట్టిందని చెయ్యికి కట్టు కట్టుకుని, ఇష్టం లేని ఒక పెళ్లికి పోవడం ఎగ్గొట్టాడు. రుద్రవరం వైపు నుంచి వచ్చిన ఒక పోటుగాడు, నలుగురిని కొట్టి వచ్చానని చెప్పుకునేవాడు, తోట పక్కన బస్సు దిగి, ఈగ ఎదురుగా వచ్చి నిలబడేసరికి మళ్లీ అదే బస్సు ఎక్కి కడప దాకా పోయాడు. ఎక్కేముందు గడ్డపలుగుతో ఒకదాన్ని కొడితే పలుగు వంగిపోయిందని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు. ఈ కథలన్నిటిలో నేను కల్పించింది ఒకటుంది. అది ఏదో ఇప్పుడు నాకే జ్ఞాపకం లేదు.

నరసింహమ్మ ఇద్దరు మనవలను నడిపించి, వియ్యంకురాలిని నడిపించి, తిరిగి వచ్చింది. బస్సు దిగి, నిండుగా ఉన్న తోటను చూసి, ఇటు పక్క చేతులు ముడుచుకుని నిలబడ్డ జనాన్ని చూసి, ఏదో అయిందని గ్రహించింది. మొగుడు సంగతంతా చెప్పాడు. ఆమె నవ్వి, నవ్వి, ఆయాసంతో కూలబడింది.

"నా మొగుడు అబద్ధమాడ్డం నేర్చినాడే!"

"నేను ఆడలేదు నరసింహా. ఆయప్పే అట్ల విన్న్యాడు."

"ఎవుడు విన్న్యాడో, ఎవుడు అన్న్యాడో గానీ, నాకు పని లేకుండా చేసినావు గదయ్యా. ఇంగ నేను ఎవుర్ని తిట్టల్ల?"

"నన్ను తిట్టు."

"నిన్ను తిడితే నాకేం సుఖం? మారు మాట్లాడవు."

ఇట్లా కొన్నేళ్లు గడిచాయి. ఎనభైలు వచ్చాయి. చుట్టూ నల్లరేగడి నేలల్లో జొన్న తగ్గి పత్తి పెరిగింది. పత్తితో పాటు ఎండ్రిన్ పురుగు మందు డబ్బాలు, వీపున మోసే పంపులు, రంగయ్య అంగడికి రెండో గది వచ్చాయి. తోటలో మాత్రం అదే చామంతి, అదే కొత్తిమీర, గట్టున అదే కంది.

రంగయ్య ఆ తోట పక్కన నడిచేటప్పుడు రోడ్డుకు అవతలి అంచునే నడిచేవాడు. కానీ ఒక రోజు లారీ అడ్డం వచ్చి తోట వైపు అంచుకు జరగాల్సి వచ్చింది. ఒక ఈగ వచ్చి సరిగ్గా ఆయన ముక్కు ముందర నిలబడింది. ఆయన కుడికి జరిగితే అదీ జరిగింది. ఎడమకు జరిగితే అదీ జరిగింది. రంగయ్య వెనక్కి తిరిగి ఓబులేసు కొట్టంలోకి పరుగెత్తి, రాతి పెచ్చుల మీద జారి, ఇంకా ముఖం చెక్కని ఒక విగ్రహం కాళ్ల దగ్గర బోర్లాపడ్డాడు. మణికట్టు విరిగింది.

కట్టు కట్టించుకుని ఆయన నేరుగా పెద్దమనుషులను పోగు చేశాడు. "ఈ పొద్దు నా చెయ్యి. రేపు బడికి పోయే పిల్లోళ్ల కండ్లు. మందు నేనిస్తా. ఆ తోటంతా తడిసేటట్లు కొట్టల్ల," అన్నాడు. ఎవరూ కాదనలేదు.

మరుసటి రోజు ఎండ ఎక్కకముందే అందరూ వచ్చారు. కొంతమంది దుప్పట్లు కప్పుకుని వచ్చారు. ఒకాయన తలకు గోతం తొడుక్కుని, కళ్ల దగ్గర రెండు చిల్లులు పెట్టుకున్నాడు. వీపున పంపుతో జకరయ్య వచ్చాడు. ఆయన పత్తి చేలకు మందు కొట్టే కూలీ. పంపులో ఎండ్రిన్ కలిపి ఉంది, ఆ వాసన రోడ్డు దాకా కొడుతోంది.

మద్దిలేటి సాలులో నిలబడి ఉన్నాడు. చామంతి నిండా పూత మీద ఉంది. ఆ మందు పడితే ఆ పూలు దేవుడికి పనికిరావు, ఆడవాళ్ల తలకు పనికిరావు. ఈగలు చస్తే వెనకాలే పేనుబంక వస్తుంది, మొక్క మిగలదు. తోట పోతే ఆయనకు వేరే పని చేతకాదు. ఓబులేసు దగ్గర కూలికి రాయి మోయడం తప్ప. దగ్గితే సరిపోయే సమయం కాదని ఆయనకు తెలిసింది.

"కొట్టొద్దు," అన్నాడు.

ఆ మాట ఆయన నోట విని ముందు ఓబులేసే సుత్తి ఆపాడు.

"ఎందుకు కొట్టగూడదు?" అన్నాడు రంగయ్య.

"అవి కందిరీగలు కాదప్పా. కంది ఈగలు."

"అదే గదా మేమూ చెప్తాండేది."

"కందిరీగలు కాదు. కంది... ఈగలు."

"నిదానంగా పలికితే కుట్టకుండా పోతాయా?"

గోతం తొడుక్కున్నాయన లోపల నుంచి నవ్వాడు. మద్దిలేటి ఇంకా నిదానంగా చెప్పాడు. ఎంత నిదానంగా చెబితే అంత బెదిరిస్తున్నట్టు వినపడింది. వాళ్ల నాయన పెట్టిపోయిన పేరే అడ్డం తిరిగింది. అప్పుడు నరసింహమ్మ ముందుకు వచ్చింది. ఆమె గొంతు చాలా ఏళ్ల తర్వాత పూర్తిగా తెరుచుకుంది.

"ఈగలు రా! ఉత్త ఈగలు! బెల్లం మీద వాలతాయే, వాటికి చుట్టాలు! కొండి లేదు, కోర లేదు. పచ్చచీర కట్టుకున్న ఈగలు! ఇన్నేండ్లు ఈగల్ని చూసి దడుసుకున్న్యారు మీరంతా!"

రోడ్డు మీద ఒక్కొక్కరు లోపల లెక్క చూసుకున్నారు. బర్రెను తరిమాయన్న మనిషి బర్రె గురించి ఆలోచించాడు. పెళ్లి ఎగ్గొట్టినాయన పక్కన ఆయన భార్యే నిలబడి ఉంది. రంగయ్య విరిగిన చెయ్యి పైకెత్తాడు.

"అంటే ఏందమ్మా? నేను ఈగకు బయపడి చెయ్యి ఇరగ్గొట్టుకున్నట్లా?"

ఆళ్లగడ్డలో అప్పట్లో మనిషి పోలీసుకు భయపడవచ్చు, పగకు భయపడవచ్చు, కందిరీగకు కూడా భయపడవచ్చు. ఈగకు భయపడి ఆ ఊళ్లో తల ఎత్తుకుని తిరగలేడు.

"కందిరీగలే," అన్నాడు గోతం మనిషి.

"కందిరీగలే," అన్నారు మిగతావాళ్లు.

"అట్లయితే సూడండి," అన్నాడు మద్దిలేటి.

అంగీ చేతులు పైకి మడిచి, చెమట పట్టిన ముంజేయి చాపాడు. చాలాసేపు పట్టలేదు. ఒక ఈగ వచ్చి వాలింది. దాన్ని మెల్లగా గుప్పిట్లోకి తీసుకున్నాడు. గుప్పిలి చెవి దగ్గర పెట్టుకున్నాడు, చెంపకు ఆనించుకున్నాడు, కంటిరెప్పకు ఆనించుకున్నాడు. తర్వాత వేళ్లు విప్పాడు. ఈగ లేచి, పారిపోకుండా, ఆయన ముఖానికి జానెడు దూరంలో గాలిలో నిలబడింది. అది దాని అలవాటు. కానీ చూసేవాళ్లకు అట్లా కనిపించలేదు.

"చూడు చూడు, మొగం ముందర నిలబడి ఏం జెప్తాడో వింటాండాది."

"మంత్రమప్పా అది."

"దగ్గు దగ్గు అనుకుంటిమే! ఆ దగ్గులోనే ఉండాది మంత్రం!"

మద్దిలేటి కంగారుపడ్డాడు. "మంత్రం కాదప్పా! నువ్వు పట్టుకో జకరయ్యా, చెయ్యి చాపు. ఏం కాదు."

జకరయ్య ఆ ఈగను చూశాడు, మద్దిలేటిని చూశాడు. పంపు పట్టీలు భుజాల నుంచి దించి, పంపు రోడ్డు మీద పెట్టాడు.

"నాకు మంత్రాల మీద నమ్మకం లేదన్నా," అన్నాడు. "కందిరీగల మీద మాత్రం ఉండాది. నేను కొట్టను."

"కూలి ఇస్తాన్రా!" అన్నాడు రంగయ్య.

"కూలి ఇచ్చేది నువ్వు. ఇంటికి ఎంటబడి వచ్చేది అవి. నువ్వే కొట్టు, పంపు ఈడే ఉండాది."

రంగయ్య పంపు వైపు చూశాడు. మంచి చెయ్యి ఒకటి ఇంకా మిగిలి ఉంది. దాన్ని వెనక్కి పెట్టుకున్నాడు.

ఆ తర్వాత జనం వెళ్లిన తీరు చూడాల్సిందే. ఎవరూ పరుగెత్తలేదు. పరుగెత్తితే అవి వెంటపడతాయని అనుకున్నారు. మద్దిలేటి వైపే ముఖం పెట్టి, మెల్లగా, వెనక్కి నడుచుకుంటూ పోయారు. పెద్దమనుషుల్లో ఒకాయన మాత్రం కొంచెం దూరం నుంచి గొంతు తగ్గించి, "మా ఇండ్ల మీదికి తోలొద్దు సామీ. ఏమన్నా ఉంటే పగలు మాట్లాడుకుందాం," అన్నాడు.

మద్దిలేటిని ఆ ఊళ్లో "సామీ" అనడం అదే మొదలు.

తోట నిలిచింది. ఆ ఏడు చామంతి పూసినట్టు ఎప్పుడూ పూయలేదు. కోసి, బుట్టకెత్తి, ఆళ్లగడ్డ సందుల్లోకి పోయినప్పుడు తెలిసింది అసలు సంగతి. ఎవరూ కొనలేదు. మంత్రపు తోటలో పూసిన పువ్వు తలలో పెట్టుకుంటే కందిరీగ వాసన పట్టి వస్తుందని ఆడవాళ్లు చెప్పుకున్నారు. కొత్త కోడళ్లను ఆ బుట్ట పక్కకు రానివ్వలేదు. గుడి పూజారి తీసుకున్నాడు గానీ, పూలు చేతికి తీసుకోకుండా కింద పెట్టి పొమ్మన్నాడు. అడగకుండా తెంపుకుపోయిన రోజుల్లో కూడా జనం మద్దిలేటితో మాట్లాడేవాళ్లు. దగ్గుకు మందు చెప్పేవాళ్లు, బస్సు ఎప్పుడొస్తుందని అడిగేవాళ్లు, అల్లుడు బాగున్నాడా అనేవాళ్లు. ఇప్పుడు ఆయన వేపచెట్టు కిందికి వస్తే నీడంతా ఆయనకే వదిలేసి ఎండలో నిలబడేవాళ్లు.

"నేను నోరు పెట్టుకుని బతికినా నాతో మాట్లాడ్తాండిరి," అంది నరసింహమ్మ. "నువ్వు నోరు లేకుండా బతికి ఈ గతి తెచ్చినావు."

"తోట మిగిలింది గదా."

"తోట మిగిలింది. మిగిలి ఏం జేస్తాది, మనమే పెట్టుకోవాల్నా పూలన్నీ?"

ఆమె కోపంగా అన్ని పూలూ తలకు చుట్టుకుని ఒక రోజంతా గట్టు మీద కూర్చుంది. ఆ దృశ్యం చూసి ఊళ్లో ఇంకొక కథ పుట్టింది. దాన్ని ఇక్కడ చెప్పను.

చివరికి ఇద్దరూ నంద్యాల పోవడం మొదలుపెట్టారు. పొద్దున్నే బస్సులో రెండు బుట్టలు వేసుకుని పోయేవాళ్లు. బస్సులో ఆళ్లగడ్డ వాళ్లుంటే ఆ ఇద్దరి కోసం వెనక సీటు ఖాళీ అయ్యేది. కండక్టరు టిక్కెట్టు చేతికి ఇవ్వకుండా సీటు మీద పెట్టేవాడు. శిరివెళ్ల దాటాక ఎక్కేవాళ్లకు ఈ గొడవ తెలియదు గానీ, అందరూ నిలబడి ఉండగా ఆ సీటు ఖాళీగా ఎందుకుందో అని అనుమానపడి వాళ్లూ నిలబడేవాళ్లు.

నంద్యాల పూల అంగళ్ల దగ్గర, ఒక మూల గోనెపట్ట పరుచుకుని, పూలు దండలు కడుతూ కూర్చున్నారు. అక్కడ మద్దిలేటి ఎవరో ఎవరికీ తెలియదు. నరసింహమ్మ గొంతు మళ్లీ పనిలోకి వచ్చింది. ఒకనాడు ఆమె చిల్లర మార్చుకురావడానికి పక్క అంగడికి పోయింది. ఒక మనిషి వచ్చి బుట్ట ముందు నిలబడింది. తెల్లచీర, చేతిసంచి. కాన్వెంటు వంటగదిలో పనిచేసే లూదియా. ఆదివారం చర్చిలో బల్ల మీద పెట్టడానికి పూలు కొనేది ఆమే.

ఆమె వంగి, పూలు చూసి, ముక్కు చిట్లించి, చేత్తో గాలిలో అదిలించింది.

"ఏందన్నా ఇది, ఈగలు ముసురుతాండాయి. నిన్నటి పూలా?"

మద్దిలేటి తల ఎత్తి చూశాడు. బుట్టతో పాటు ఆళ్లగడ్డ నుంచి వచ్చిన ఒక ఈగ చామంతి మీద కూర్చుని ఉంది.

"ఏమన్న్యావు తల్లీ?"

"ఈగలు అంటి. కనపడలేదా?"

"కందిరీగ కాదా?" అన్నాడు మద్దిలేటి, చాలా జాగ్రత్తగా.

"కందిరీగ ఎట్లుంటాదో నాకు తెలీదా? మా వంటింటి దూలానికి ఏటా గూడు కడతాది. దానికి నడుముంటాది, సన్నగా, తెగిపోతాదేమో అన్నట్లు. దీనికి యాడుంది నడుము? ఈగ ఇది. ఈగలు వాలిన పూలు ఏసుప్రభు ముందర పెట్టల్నా? ధర తగ్గియ్యి."

మద్దిలేటి ధర తగ్గించాడు. ఆమె ఇంకా తగ్గించమంది. ఇంకా తగ్గించాడు. మూర కొలిచేటప్పుడు మోచేయి దాటి భుజం దాకా కొలిచాడు. ఆమె అనుమానంగా చూసి, పూలు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

"ఏందన్నా అట్ల నవ్వుతాండావు?"

"ఏం లేదమ్మా. మళ్లా రా. ఈగలుంటాయి, ఏమనుకోవద్దు."

"అనుకుంటా. ఎందుకనుకోను?" అంటూ ఆమె వెళ్లిపోయింది.

చిల్లరతో వచ్చిన నరసింహమ్మ బుట్ట చూసి, చేతిలో డబ్బులు చూసి, మొగుడు చెప్పింది విని, నోరు తెరిచింది. ఆ రోజు ఆమె తిట్టిన తిట్లకు మార్కెట్టు సగం ఇటు తిరిగింది. "ఈగలున్న్యాయని ఎవుడైనా ఒప్పుకుంటాడా? రోజంతా ఈగలున్న్యాయని చెప్పి అమ్ముతావా ఇంగ?"

"అమ్ముతా," అన్నాడు మద్దిలేటి. ఆమె తిడుతుంటే ఆయన మారు మాట్లాడడం అదే మొదటిసారి.

సాయంత్రం తిరుగు బస్సులో ఆళ్లగడ్డ వాళ్లు కొంతమంది ఉన్నారు. ఆయనను చూసి వెనక సీటు ఖాళీ చేసి, ముందుకు పోయి కమ్మీలు పట్టుకుని నిలబడ్డారు. మద్దిలేటి వద్దనలేదు. కిటికీ పక్క నరసింహమ్మను కూర్చోబెట్టి, ఖాళీ బుట్టలను కాళ్ల కిందికి తోసి, తాను ఆమెకు ఆనుకుని ఇమిడి కూర్చుని, ఇంకొక మనిషికి సరిపోయేంత చోటు పక్కన వదిలాడు. ఆ చోటును అరచేత్తో ఒకసారి దులిపాడు.